ఇంగ్లండ్‌లోని కెన్నెట్ అండ్ ఏవన్ కాలువలో న్యారోబోట్ (సన్నటి పొడుగాటి పడవ) అద్దెకి తీసుకుంటున్నారా? సంతకానికి ముందు వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లర్ పైనుండే మూత) తెరిపించండి

బోటు అద్దెకిచ్చిన యార్డు పేరు రాయను, అటు వెళ్లినవాళ్లకి ఎవరో తెలిసిపోతుంది. ఇండియా నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారని వీకెండ్‌కి బోటు తీసుకున్నాం. బ్రాడ్‌ఫర్డ్ లాకు దాటితే బాత్ ఊరి దాకా తొమ్మిది మైళ్లు మళ్లీ లాకు లేదు, పెద్దవాళ్లతో హాయి కదా అని.

యార్డు వదిలిన దగ్గర్నుంచే వెనక వణుకు. ఏలూరు కాలువలో పడవలెక్కిన మనిషి మామయ్య. "అల్లుడుగారూ, అడుగున ఏదో పట్టేసింది" అన్నారు. యార్డుకి ఫోన్ చేశా. "లిమిట్టే గంటకి 4 మైళ్లు, తొందరెందుకు, ఎంజాయ్ చేయండి" అని నవ్వాడు మహానుభావుడు.

ఏవన్‌క్లిఫ్ దాటి డండాస్ అక్విడక్ట్ (కాలువని నది మీదుగా దాటించే వంతెన) ఇంకా రాకముందే ఇంజిన్ ఆగింది. ఒడ్డున బోటులోనే కాపురముండే పెద్దాయన వచ్చి, నాచేత ఇంజిన్ తాళంచెవి తీయించి, వీడ్ హ్యాచ్ మూత విప్పి, చల్లటి నీళ్లలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, బ్రెడ్ కత్తితో కోసి లాగాడు. నీలం తాడు, దాని కింద తుప్పు తీగ, దాని కింద గుడ్డపీలికలు. "ఇవాళ చుట్టుకున్నది కాదిది" అన్నాడు.

సాక్ష్యం కదా అని ఆ చెత్తంతా సంచిలో వేసి తెచ్చా. యార్డువాడు సంచిలోకి తొంగి చూసి, తాపీగా, "అయితే తాడు మీదుగా నడిపింది మీరేనని ఒప్పుకున్నట్టేగా" అన్నాడు! మామయ్య పక్కనే ఉన్నారు. డ్యామేజ్ వేవర్ (బోటు పాడైతే ఆ ఖర్చు మన మీద పడకుండా ముందే కట్టే డబ్బు) కట్టానంటే, ప్రొపెల్లర్ దాని కిందకి రాదట. డిపాజిట్ 250 పౌండ్లూ హుళక్కి. నేను మాట్లాడుతుండగానే పక్కకి తిరిగి, తర్వాత వచ్చిన కుటుంబానికి అదే నవ్వుతో "వెల్‌కమ్ అబోర్డ్".

బైకు అద్దెకి తీసుకున్నా నాలుగు పక్కలా వీడియో తీసే నేను, అక్కడ మాత్రం టీ కప్పులు లెక్కపెట్టుకుని సంతకం గీకేశా. ఆ హ్యాచ్‌ని వాడు కాలి బొటనవేలితో చూపించి, "రోజూ పొద్దున చూసుకోండి" అన్నాడంతే. ఎలా తెరవాలో చూపిస్తే తాడు కనపడుతుందిగా మరి!

కాబట్టి ఇంజిన్ ఆపించి, తాళంచెవి తీయించి, వాడిచేతే తెరిపించి వీడియో తీయండి. ప్రొపెల్లర్‌కి ఏదైనా చుట్టుకుంటే ఖర్చు ఎవరిదో కాగితం మీద చదవండి. మూత మాత్రం గట్టిగా బిగించాకే ఇంజిన్ వేయండి, లేదంటే నీళ్లు లోపలికొచ్చి బోటే మునుగుతుంది. ఆ బిల్లూ మనకే వేస్తాడు వాడు.