జాగ్రత్త! ఆ కొత్త వెర్షన్ ఆత్రేయపురాన్ని రెండు ముక్కలు చేసింది

రేపు భోగి. మా వీధి పిల్లలు విరిగిన కుర్చీలూ, పాత చెక్కలూ పోగేస్తున్నారు. నా షాపులో మూలన 1,250 అట్ట షీట్లు పడున్నాయి, పట్టుకెళ్ళండర్రా అన్నాను. లామినేషన్ ఉన్న అట్ట కాలిస్తే వీధంతా కంపు కొడుతుందని మా ఆవిడ పడనివ్వలేదు. అంటే మంటలో వేయడానికి కూడా పనికిరాని సరుకు నాకు మిగిలిందన్నమాట.

డిజైన్ షాపుల వాళ్ళకీ, ఫ్లెక్స్ వాళ్ళకీ, ప్రెస్సుల వాళ్ళకీ చెప్పేది ఒక్కటే. మన డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ అప్‌గ్రేడ్ ఇప్పుడు కొనకండి.

ఏ సాఫ్ట్‌వేరో చెప్పక్కర్లేదు, పొద్దున్న లేస్తే మనమందరం మొహం చూసేది దాన్నే. డీలరెవరో కూడా మీకు తెలుసు. నవంబరులో మీలో చాలామందికి ఆ ఫోన్ వచ్చే ఉంటుంది. "పాతదానికి ఇంక సపోర్ట్ ఉండదండి, ఈ నెలాఖరుతో ఆఫర్ అయిపోతుందండి, తెలుగు ఫుల్ సపోర్టండి" అని. పేర్లు మాత్రం రాయను. కట్టాల్సిన బిల్లులు చాలానే ఉన్నాయి, వాటి మీద నోటీసు కూడా ఎందుకు?

35,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 6,300, మొత్తం 41,300 కట్టాను. జనవరి దాకా దాని జోలికి పోలేదు, అది మంచి పనే. పండగ వారంలో ఇన్‌స్టాల్ చేశాను చూడండి, అది నా తెలివి. పంతులుగారు ఏ మంత్రం చెప్పమంటే ఆ మంత్రం చెప్పే పెళ్ళికొడుకులా, అది ఏమడిగితే దానికి 'సరే' నొక్కుకుంటూ పోయాను. పాత వెర్షన్ తీసేయాలి అనే గడిలో టిక్ ముందే పెట్టి ఉంది. చిన్న బాణం గుర్తు నొక్కితే తప్ప ఆ గడి కనపడదు. నేను నొక్కలేదు. పాతది పోయింది.

ఇక అసలు సంగతి. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒకాయన నాకు ఆరేళ్ళుగా కస్టమరు. సంక్రాంతికి 5,000 పెట్టెలు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకేనన్న గుర్తింపు, వచ్చింది కదా, అప్పట్నుంచి ఊరి పేరు పెట్టె మీద నాలుగు వైపులా ఉండాలని ఆయన పట్టుదల. డిజైన్ పాత వెర్షన్‌లోనే పూర్తయింది, వాట్సాప్‌లో ప్రూఫ్ చూసి సరేనన్నారు కూడా. ఆఖరి నిమిషంలో ఫోన్. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరులో, అదే తిండి సరుకుల లైసెన్సు నంబరులో, ఒక అంకె తప్పు పడింది, అదొక్కటి మార్చేసి ప్రెస్‌కి పంపించెయ్యండి అని.

ఫైలు కొత్త వెర్షన్‌లో తెరిచాను. ఇది పాత వెర్షన్‌లో చేసిన ఫైలు, అక్షరాలను అప్‌డేట్ చేయమంటావా అని అడిగింది. మనం పెళ్ళికొడుకులం కదా. సరే!

ఆ నంబరు దగ్గరికి జూమ్ చేశాను. పద్నాలుగు అంకెలు. స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టాను, లైసెన్సు కాగితంతో రెండుసార్లు సరిచూసుకున్నాను. కర్వ్స్ చేశాను (అంటే అక్షరాలన్నీ బొమ్మలుగా మార్చేశాను), పీడీఎఫ్ తీశాను, రాజమండ్రి ప్రెస్‌కి పంపేసి ఇంటికెళ్ళి పడుకున్నాను. ఆ నంబరుకి సరిగ్గా అంగుళం పైన ఊరి పేరు ఉంది. అటు చూడలేదు. ఆరేళ్ళుగా అదే పేరు, చూడ్డానికేముంది అనుకున్నానో, అసలు ఏమీ అనుకోలేదో.

మర్నాడు పదింటికి ఆయన ఫోన్.

"ఆయ్, ప్రెస్‌లోనే ఉన్నానండి. షీట్ బ్రహ్మాండంగా వచ్చిందండి, మెరిసిపోతోందండి. చిన్న డౌటొచ్చి చేశానండి. జిల్లాని విడగొట్టారంటే గవర్నమెంటోళ్ళు విడగొట్టారండి. మా ఊరిని తమరు విడగొట్టేశారేంటండి?"

నాకు అర్థం కాలేదు. 2022లో మా మండలాలన్నీ తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వచ్చాయి కదా, అడ్రసులో జిల్లా పేరు తప్పు వేశానేమో అనుకున్నాను. ఆయన ఫొటో పంపారు.

ఆత్‌రేయపురం.

త నెత్తిన పొల్లు నిలబడి ఉంది. దాని పక్కన రే, అలిగి దూరంగా కూర్చున్న అల్లుడిలా ఉంది. కింద పదార్థాల వరుసలో "స్‌వచ్‌ఛమైన ఆవు నెయ్‌యి". ముందు వైపు పెద్దక్షరాల్లో ఉన్న ఊరి పేరు మాత్రం శుభ్రంగా ఉంది, ఎందుకంటే అది ఎప్పుడో కర్వ్స్ చేసిపెట్టిన లోగో. తప్పంతా పక్కల మీదే. ఒక్కో షీట్‌లో నాలుగు పెట్టెలు, 1,250 షీట్లు. లామినేషన్ కూడా అయిపోయింది, పెట్టె ఆకారంలో కత్తిరించే డై పంచింగ్ ఒక్కటే మిగిలింది.

రావులపాలెం నుంచి జొన్నాడ బ్రిడ్జి మీదుగా రాజమండ్రి ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. వెళ్ళేసరికి కస్టమరు గారు ప్రెస్‌లో టీ తాగుతున్నారు. నాక్కూడా ఒకటి చెప్పారు. నాలుగు తిట్టినా బాగుండేది. "తాగండి, ముందు టీ తాగండి, ఊరెక్కడికీ పోదు కదండి" అన్నారు. మన గోదావరి జిల్లాల మర్యాద ఇంతేనండీ, కొట్టరు, కూర్చోబెట్టి టీ పోస్తారు.

ప్రెస్ ఓనరు గారు పెద్దాయన. మూలనున్న డొక్కు కంప్యూటర్ వైపు చెయ్యి చూపించారు. దాన్లో పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 ఉంది. అది 2001లో వచ్చింది. "ఇన్నేళ్ళల్లో అది నన్ను ఒక్కసారైనా అప్‌డేట్ అడిగిందిటోయ్? అను ఫాంట్లలో కొట్టుంటే నీకీ గొడవే లేదు" అన్నారు. ఆ మాటలో నిజముంది. అను లాంటి పాత పద్ధతిలో ఒత్తు కూడా విడి అక్షరమే, మనం కొట్టిన చోట పడుంటుంది. యూనికోడ్‌లో అలా కాదు. త, పొల్లు, ర విడివిడిగా ఉంటాయి. వాటిని కలిపి త్ర అని చూపించే బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది. ఆ కలిపే పని ఆగిపోతే అక్షరాలు ఎవరికి వారే. అయినా పెద్దాయనతో వాదించే ఓపిక లేదు. కస్టమర్లందరూ మేటర్ వాట్సాప్‌లో యూనికోడ్‌లోనే పంపుతుంటే, దాన్ని అనులోకి మార్చుకుంటూ ఎన్నాళ్ళు కూర్చుంటాం?

అక్కడ్నుంచే డీలరుకి ఫోన్ చేశాను. ఈ పోస్టు రాస్తున్నదే ఆ ఫోన్ కోసం.

నవంబరులో రోజుకి రెండుసార్లు చేసిన అబ్బాయి ఎత్తలేదు. టెక్నికల్ అని ఇంకో అబ్బాయికి కలిపారు. చెప్పిందంతా విని, "మీ ఫాంట్ ప్రాబ్లమండి" అన్నాడు. ఫాంట్ అదే, ఫైలు అదే, కంప్యూటర్ అదే, కూర్చునే కుర్చీ కూడా అదే, మారింది మీ వెర్షన్ ఒక్కటే బాబూ అన్నాను. "ర్యామ్ ఎంతండి?" అన్నాడు. 16 అన్నాను. "32 వేయించుకోండి." ర్యామ్ పెంచితే త కింద ర ఒత్తు వచ్చి చేరుతుందా నాయనా అని అడిగాను. అటు పక్క కీబోర్డు చప్పుడు తప్ప మాట లేదు.

తర్వాత అన్నాడు. "తెలుగులో పని చేసేవాళ్ళు ఎంతమంది ఉంటారండి? మన కోసం వాళ్ళు చూస్తారా? మీ కస్టమర్‌ని ఇంగ్లీషులో వేయించుకోమనండి."

పూతరేకుల పెట్టె. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. ఇంగ్లీషులో వేయించుకోమని ఆయనకి నేను చెప్పాలట, ఆయన నా ఎదురుగా కూర్చుని టీ తాగుతుండగా.

నవంబరులో తెలుగు ఫుల్ సపోర్ట్ అన్నది మీరే కదా అని గొంతు పెంచాను. ప్రెస్‌లో కుర్రాళ్ళందరూ పని ఆపి నా వైపు చూస్తున్నారు. అప్పుడా అబ్బాయి నన్ను ఓదారుస్తున్నాననే అనుకున్నాడో ఏమో, గొంతు తగ్గించి ఈ మాట చెప్పాడు.

"నిజమేనండి, ఒత్తుల ప్రాబ్లమ్ చాలామంది చెప్తున్నారండి. అందుకే మా ఆఫీసులో డిజైనర్లు కూడా ఇంకా పాత వెర్షనే వాడుతున్నారండి."

నాకు కోపం కూడా రాలేదు కాసేపు. వాళ్ళకి తెలుసు. నా దగ్గర 41,300 తీసుకునేటప్పుడే తెలుసో, తర్వాత తెలిసిందో అడిగాను. "అది సేల్స్ వాళ్ళు చూసుకుంటారండి" అన్నాడు. డబ్బులు వెనక్కిమ్మంటే కీ యాక్టివేట్ అయ్యాక రిటర్న్ ఉండదట. పోనీ మీ ఆఫీసులో ఉన్న ఆ పాత సెటప్ నాకివ్వమంటే, "పండగయ్యాక చూద్దాం లెండి, అందరూ ఊళ్ళకెళ్ళిపోయారు" అన్నాడు. ఊళ్ళకెళ్ళి ఏం తింటారు? పూతరేకులే.

కంపెనీ కస్టమర్ కేర్ చాట్ గురించి చెప్పడం కూడా దండగ. గంటంపావు. రెండు స్క్రీన్‌షాట్లు పంపించాను, ఇది తప్పు, ఇది ఒప్పు అని గీతలు గీసి మరీ. "సర్, రెండూ ఒకేలా ఉన్నాయి కదా" అని జవాబొచ్చింది. వాళ్ళకి తెలుగు రాదు, తప్పు లేదు. కానీ చాట్ మూసేముందు మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం, ఐదు స్టార్లు ఇవ్వండి అన్నారు.

ఆ రాత్రి రెండింటికి నేనే కనుక్కున్నాను. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో కంపోజర్ అని ఒకటుంటుంది. దక్షిణాసియా భాషలకి పనికొచ్చే కంపోజర్ ఉండాల్సిన చోట ఇంగ్లీషుది పెట్టేసింది, అక్షరాలను అప్‌డేట్ చేయమంటావా అన్నప్పుడే. దాన్ని మళ్ళీ మార్చాలి, ఒక్కో టెక్స్ట్ బాక్సుకీ విడిగా. ఆ పెట్టెలో పద్నాలుగు బాక్సులున్నాయి. తొమ్మిదోది మారుస్తుంటే ప్రోగ్రామ్ ఆగి మూసుకుపోయింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ నాలుగో దాని దగ్గర మూసుకుపోయింది. ఒక్కోటీ మార్చి సేవ్, ఒక్కోటీ మార్చి సేవ్ అంటూ తెల్లవారుజాము నాలుగున్నరకి అయ్యింది. ఈసారి మా ఆవిణ్ణి లేపి, ప్రింటు తీసిన కాగితం చేతికిచ్చి పైకి చదవమన్నాను. ఆవిడ నిద్రమత్తులో స్వచ్ఛమైన ఆవు నెయ్యి అని చదువుతుంటే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నిద్ర లేకేమో లెండి.

రెండోసారి అట్టకి 17,000, ప్లేట్లకి 1,400, లామినేషన్‌కి 5,000, మొత్తం 23,400 నా జేబులోంచే. ప్రింటింగ్ కూలి పెద్దాయన వదిలేశారు, పండగ రద్దీలో రాత్రి షిఫ్టు వేసి మరీ కొట్టిచ్చారు. ఇవాళ మధ్యాహ్నం పెట్టెలు ఆత్రేయపురం చేరాయి. ఆ డిజైన్‌కి నేను తీసుకున్నది 2,500.

తప్పు నాది కూడా ఉంది, కాదనను. ఫైనల్ పీడీఎఫ్ మొత్తం చదవకుండా ప్రెస్‌కి పంపినవాణ్ణి నేనే. కొత్తగా చేరే కుర్రాళ్ళకి రోజూ అదే పాఠం చెప్పేదీ నేనే. కానీ అమ్మినవాడే వాడని సరుకు నాకెందుకు అంటగట్టారన్న ప్రశ్నకి అది జవాబు కాదు కదా.

జాగ్రత్తలేమిటంటారా. సీజన్‌లో ఏదీ అప్‌గ్రేడ్ చేయకండి, మాఘమాసం పెళ్ళిళ్ళు కూడా దాటనివ్వండి. చేసినా ఆ బాణం గుర్తు నొక్కి టిక్ తీసేయండి. పాత సెటప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ఇంకోటి, కొత్తదాంట్లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో మామూలుగా తెరుచుకోదు, అందుకని అసలు ఫైలు కాపీ తీశాకే ముట్టుకోండి. డీలరు ఫోన్ చేస్తే మీ ఆఫీసులో ఏ వెర్షన్ వాడుతున్నారని అడగండి ముందు.

దీని ముందు వెర్షన్ సెటప్ ఎవరి దగ్గరైనా ఉంటే కింద ఒక మాట చెప్పండి. నా పాత కీ, బిల్లు రెండూ ఉన్నాయి, క్రాక్‌లూ అవీ వద్దు. కనుమ రోజున కూడా షాపులోనే ఉంటాను, శుభలేఖల పని రెండు ఆగిపోయి ఉంది. ఒకటి లక్ష్మి గారమ్మాయిది. ఈ వెర్షన్‌లో లక్ష్మి అని కొడితే ఎలా వస్తోందో మీరే ఊహించుకోండి.