మా టాయ్ పూడుల్‌కి కొన్న బ్లోయర్: ఆరు నెలల తర్వాత

మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మా లడ్డూ టాయ్ పూడుల్, అంటే ఉంగరాల బొచ్చుండే చిన్న జాతి కుక్క. పోయిన వానాకాలం దానికి స్నానం చేయించి, టవల్‌తో తుడిచి వదిలేశాను. పైకి ఆరినట్టే ఉంది. రెండు రోజులకు చూస్తే చెవుల వెనక, చంకల్లో బొచ్చు జడలు కట్టేసింది. కత్తిరించక తప్పలేదు. కింద చర్మం ఎర్రగా కంది ఉంటే నాకు ఏడుపొచ్చింది. అప్పుడే ఈ పెట్ బ్లోయర్ ఆన్‌లైన్‌లో 4,200 రూపాయలకు తెప్పించాను.

మన హెయిర్ డ్రైయర్‌లా వేడి మీద ఆధారపడదు, గాలి వేగంతో నీళ్లను బయటకు తోసేస్తుంది. గాలి తగిలిన చోట ఉంగరాలు విడిపోయి లోపలి గులాబీ రంగు చర్మం కనిపిస్తుంది. అక్కడే స్లిక్కర్ బ్రష్‌తో (సన్నటి తీగ పళ్లుండే బ్రష్) మొదళ్ల నుంచి దువ్వుతాను. ఒక పాయ పూర్తిగా ఆరాకే పక్క పాయకు వెళ్తాను. మొత్తం 40 నిమిషాలు పడుతుంది. వేడి తక్కువలోనే పెట్టి, అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకుంటూ ఉంటాను.

మోత మాత్రం చాలా ఎక్కువ. మొదటిసారి లడ్డూ వణికిపోయి మంచం కిందకు దూరింది. వారం పాటు పక్క గదిలో ఆన్ చేసి, ఉడికించిన చికెన్ ముక్కలు పెడుతూ అలవాటు చేశాం. ముఖానికి, చెవులకు ఇప్పటికీ మెత్తటి టవలే.

కొనేవాళ్లకు ఒక్క మాట: చిక్కులు స్నానానికి ముందే తీయండి, తడిస్తే ఇంకా బిగుసుకుంటాయి. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని నేను మంజీరా నీళ్లొచ్చే రోజే స్నానం పెట్టుకుంటాను. వైరు పొట్టిది, ఎక్స్‌టెన్షన్ బాక్స్ కావాలి. తడి బాత్రూమ్‌లో వద్దు, హాల్లో చాప వేసుకుని ఆరబెట్టండి.