బీజీఎంఐ: ఆడటానికి సరే, యూసీ దగ్గరే జాగ్రత్త

రాయగడ, గునుపురం, పర్లాకిమిడి వైపు సాయంత్రం పూట నలుగురు కుర్రాళ్లు ఫోన్లు అడ్డంగా పట్టుకుని ఒకచోట కూర్చున్నారంటే ఆడేది చాలావరకు బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా), కాకపోతే ఫ్రీ ఫైర్ మ్యాక్స్. చివరిదాకా బతికి మిగిలినవాళ్లే గెలిచే తుపాకుల ఆటలివి. రెండూ లైవ్ సర్వీస్ ఆటలే. కంపెనీ సర్వర్ నడిచినన్నాళ్లే ఉంటాయి, కొత్త సరుకు దిగుతూనే ఉంటుంది. బీజీఎంఐ మటుకు, పైసా పెట్టనంతవరకు లాభం ఆడేవాళ్లదే. ఆటలో వస్తువులు కొనడానికి వాడే యూసీ అనే నాణేలు అసలు డబ్బుతో కొనడం మొదలుపెట్టాక లాభం కంపెనీ వైపు వెళ్తుంది.

ఆటగా చూస్తే వంక పెట్టడం కష్టం. ఎరాంగెల్ మ్యాప్ ఒక్కో వైపు 8 కిలోమీటర్లు, 100 మంది, దాదాపు అరగంట. లివిక్ మ్యాప్ 2 కిలోమీటర్లు, 52 మంది, పావుగంటలో అయిపోతుంది. డబ్బుతో కొన్న తుపాకీ స్కిన్ (పైపై అలంకారం) దెబ్బ తీవ్రతను పెంచదు, రంగూ మెరుపులూ మాత్రమే మారుస్తుంది. ఖాళీ జేబుతో ఆడేవాడు కూడా గురి బాగుంటే గెలుస్తాడు. ఈ ఒక్క విషయంలో కంపెనీని మెచ్చుకోవాల్సిందే.

తక్కువ ధర ఫోన్లో గ్రాఫిక్స్ 'స్మూత్'లో పెట్టి, ఫ్రేమ్ రేటు (సెకనుకు తెరపై మారే బొమ్మల సంఖ్య) ఫోన్ ఇచ్చినంత పెంచండి. నీడలు, యాంటీ ఏలియాసింగ్ (బొమ్మల అంచులను నునుపు చేసే సెట్టింగ్) ఆపేయండి. ఇవి ఉంటే ఫోన్ మీద భారం పెరుగుతుంది. మోహన, ఆర్. ఉదయగిరి వైపు కొండల్లో సిగ్నల్ వచ్చిపోతుంటే లివిక్ మేలు; మధ్యలో తెగినా పోయేది పావుగంటే. అప్‌డేట్లు ఇంచుమించు రెండు నెలలకోసారి వస్తాయి. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేయించుకునేవాళ్లకు అసలు భారం ఇదే, ఆడటానికి అయ్యే డేటా కాదు. ఆడని మ్యాపులు తీసేయండి. అప్‌డేట్ సైజుకు రెండింతల ఖాళీ ఉంచుకోండి, లేకపోతే దిగాక ఇన్‌స్టాల్ దగ్గర ఆగిపోతుంది.

ఇక యూసీ సంగతి. ప్యాకులు 60, 300, 600, 1500, 3000, 6000. వీటిలో 300కి 25, 600కి 60, 1500కి 300, 3000కి 850, 6000కి 2100 అదనంగా ఇస్తారు. అంటే చిన్న ప్యాక్ కొనే పిల్లాడికి అదనం ఏమీ లేదు, పెద్దది కొన్నవాడికి 35 శాతం. పైగా కావలసిన వస్తువు ధరకు ప్యాక్ సరిగ్గా సరిపోక కొంత యూసీ మిగిలిపోతుంది. దాన్ని వాడేయాలని ఇంకో ప్యాక్ కొంటారు.

క్రేట్ల జోలికి, అంటే యూసీ ఇచ్చి తెరిస్తే లోపల ఏముంటుందో అదృష్టం మీద ఆధారపడే పెట్టెల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఒక స్కిన్ దొరికే అవకాశం 1 శాతం అనుకుందాం. 100 సార్లు తెరిస్తే తప్పకుండా వస్తుందని చాలామంది నమ్మకం. లెక్క ప్రకారం అలా 100 సార్లు తెరిచిన ప్రతి 100 మందిలో దాదాపు 37 మందికి ఒక్కసారి కూడా రాదు. బెల్జియం 2018లోనే ఇలాంటి పెట్టెలను జూదం కింద లెక్కకట్టింది. తెరిచే ముందు ఆటలోనే చూపించే అవకాశాల పట్టిక చదవండి. రాయల్ పాస్ (మిషన్లు చేసి లెవెళ్లు ఎక్కేకొద్దీ బహుమతులిచ్చే సీజన్ పాస్) కావాలంటే మొదటి రోజు కొనకండి. ఉచిత పాస్‌తోనే లెవెళ్లు ఎక్కుతూ, చివరి వారంలో ఎంత దూరం వచ్చారో చూసి కొంటే అప్పటిదాకా ఎక్కిన లెవెళ్ల బహుమతులన్నీ ఒకేసారి వస్తాయి. ముందే కొంటే ఆ డబ్బు దండగ కాకూడదని ఇష్టం లేని రోజు కూడా మిషన్లు చేస్తూ కూర్చోవాలి.

కొన్నవి మన సొంతం కావు. అద్దె ఇంటికి సున్నం వేయించుకోవడం లాంటిదే ఇది. పబ్‌జీ మొబైల్ 2020 సెప్టెంబర్ 2న మన దేశంలో నిషేధానికి గురైంది. దాని స్థానంలో 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది, 2022 జులై 28న స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో తిరిగొచ్చింది. ఆ మధ్యలో ఫోన్ మార్చినవాళ్లకు స్టోర్ నుంచి దింపుకునే దారే లేదు. ఇతర దేశాల్లోనూ ఇదే కథ: 2014లో డబ్బుకు అమ్మిన 'ది క్రూ' ఆట సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకుందామన్నా కుదరదు. సోనీ 'కాంకార్డ్' ఆటను 2024 ఆగస్టు 23న విడుదల చేసి, జనం రాక రెండు వారాలకే మూసేసింది. అక్కడ కనీసం డబ్బు వెనక్కిచ్చారు. కంపెనీలకూ ఇందులో మునిగిపోయే భయం ఉందన్నమాట.

బీజీఎంఐ తిరిగొచ్చాక 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటలు అని పరిమితి పెట్టారు. మంచి నిబంధనే, కానీ పిల్లలు నాన్న వయసుతో ఖాతా తెరిస్తే పనిచేయదు. అందుకే ఖాతా తెరిచేటప్పుడు పెద్దవాళ్లు పక్కనుండాలి. రీఛార్జ్ కొట్లో టాప్‌అప్ చేయించుకుంటే ప్లేయర్ ఐడీ నంబర్ ఒక్కటే చెప్పండి. పాస్‌వర్డ్, ఓటీపీ అడిగితే లేచి వచ్చేయండి. అంతకన్నా నయం గూగుల్ ప్లే రీఛార్జ్ కోడ్. నగదుతో దొరుకుతుంది, అందులో ఉన్నంతే ఖర్చవుతుంది, ఇంట్లోవాళ్ల కార్డు ఫోన్లో ఉండక్కర్లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఆ బ్యాలెన్స్ మళ్లీ బ్యాంకుకు రాదు.

ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో పర్చేజ్ వెరిఫికేషన్‌ను (కొనేది మీరేనా అని నిర్ధారించుకునే ఏర్పాటు) ప్రతి కొనుగోలుకూ అడిగేలా పెట్టండి. పిల్లలు తెలియక కొనేస్తే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలోనే రిఫండ్ అడగాలి. గడువు దాటితే ఆట కంపెనీనే అడుక్కోవాలి, అప్పటికి యూసీ ఖర్చయిపోయి ఉంటే డబ్బు రావడం కష్టం.