రంగు అక్కర్లేని మైక్రోస్కోపు, వేడికి ఓర్వని మైక్రోస్కోపు

బతికున్న కణానికి రంగు వేయకుండానే లోపలి కొవ్వును, ప్రోటీన్లను చూపిస్తుందన్న ఒక్క మాట మీద మా విభాగం ఈ రామన్ మైక్రోస్కోపును కొన్నది. లేజర్ కాంతి అణువులకు తగిలి చెదిరినప్పుడు దాని రంగు ఎంత మారిందో చూసి, అక్కడ ఏ పదార్థం ఉందో చెప్పే యంత్రం ఇది. కొన్నేళ్లుగా నా పనంతా దీని మీదే. లేజర్ ఎంత, కాంతిని రంగులుగా విడదీసే గ్రేటింగ్ ఎంత అన్నవి కరపత్రంలో ఉంటాయి, వాటి జోలికి పోను. నా గొడవంతా గది వేడితోనే.

ముందు దీనికి దక్కాల్సిన మెప్పు. కాలేయ కణాలకు మేం డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) చేర్చిన పామిటిక్ ఆమ్లాన్ని, అంటే ఒక రకం కొవ్వు ఆమ్లాన్ని, మేతగా ఇస్తాం. కాంతి రంగు ఎంత మారిందో చెప్పే కొలత తరంగ సంఖ్య. అది 1800 నుంచి 2600 దాకా ఉన్నచోట కణంలోని సహజ పదార్థాలు దాదాపు నోరు మెదపవు. ఆ ఖాళీ జాగాలో, 2100 దగ్గర, మేం పెట్టిన కొవ్వు పీక్ (గ్రాఫులో శిఖరం) లేస్తుంది. కణం సొంత కొవ్వు ఎక్కడ, కొత్తగా చేరిన కొవ్వు ఎక్కడ అన్నది చుక్కచుక్కగా విడిపోయి కనిపిస్తుంది. పరారుణ కాంతితో చూసే పద్ధతిలోనైతే 1640 దగ్గర నీరే ప్రోటీన్లను కప్పేస్తుంది. ఇక్కడ నీటి గోల తక్కువ కాబట్టి కణాన్ని దాని ద్రవంలోనే ఉంచి చూడొచ్చు.

ఇక అసలు సంగతి. ఉదయం, పీక్ ఎక్కడ రావాలో ముందే తెలిసిన సిలికాన్ ముక్క పెట్టి, అది 520.7 దగ్గరకు వచ్చేలా సరిచేసుకోవడం అందరూ చేసేదే. వేసవి మధ్యాహ్నాల్లో అదే ముక్క 522 చూపించేది, రాత్రికి ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చేది. ఒకరోజు మా విద్యార్థిని మందు వేసిన కణాల గ్రాఫు తెచ్చి, 1004 దగ్గరి ఫినైల్అలనీన్ (ప్రోటీన్లలోని ఒక అమైనో ఆమ్లం) పీక్ పక్కకు జరిగిందని సంబరపడింది. ఆ పీక్ కణానికి ఏమైనా అంత తేలిగ్గా కదిలే రకం కాదు. మందు వేయని డిష్‌లో చూస్తే అక్కడా అంతే జరిగి ఉంది. కదిలింది యంత్రమే.

సర్వీసు ఇంజనీరు లేజర్‌ను అనుమానించారు, ఫైబర్ మార్చారు, బిల్లు ఇచ్చి వెళ్లారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే పాట. చివరికి తేల్చింది ఏసీ మెకానిక్. నిచ్చెనెక్కి జాలీ దగ్గర చెయ్యి పెట్టి, "గాలి నేరుగా మీ పెట్టె మీదే పడుతోంది మేడమ్" అన్నాడు. కంప్రెసర్ ఆగినప్పుడల్లా పెట్టె వేడెక్కి లోహం సాగేది, డిటెక్టర్ మీద వర్ణపటం అటూ ఇటూ జరిగేది. థర్మామీటరు పెట్టి, సిలికాన్‌ను రాత్రంతా కొలుస్తూ వదిలేశాం. తెల్లారి చూస్తే ఉష్ణోగ్రత గీత, పీక్ గీత ఒకదాని వెంట ఒకటి ఎక్కి దిగుతున్నాయి. గాలి పక్కకు మళ్లేలా జాలీకి రేకు కట్టించాం, ఏసీ రాత్రీపగలూ నడుస్తోంది, ప్రతి డిష్‌కూ ముందూ వెనకా సిలికాన్ చూస్తున్నాం. రోగం చాలావరకు కుదిరింది. కరెంటు పోయిన రోజు మాత్రం పనికి సెలవే. 1928లో కలకత్తాలో రామన్ ఈ కాంతి ప్రభావాన్ని ప్రకటించిన ఫిబ్రవరి 28న, సైన్స్ దినోత్సవం పేరిట బడిపిల్లలకు దీన్ని గర్వంగా చూపిస్తుంటాం. ఆ పండుగ మేలో పడి ఉంటే ఏం చూపించేవాళ్లమో!

రంగు అక్కర్లేదన్నాను గాని, డ్యూటీరియం కూడా ఒక రకం గుర్తే. బతికున్న కణం అన్నదీ కొంత సర్దుకుని వినాల్సిన మాటే. చుక్కకు ఒక సెకను చొప్పున యాభై వరుసలు, వరుసకు యాభై చుక్కలు తీస్తే నలభై నిమిషాలు దాటుతుంది, ఈలోపు కొవ్వు బిందువులు చోటు మారతాయి. 785 నానోమీటర్ల లేజర్ కణాలకు మెత్తనిది, కాని దాంతో 2100 దగ్గర మా డిటెక్టర్‌కు చూపు మందగిస్తుంది. అందుకని 532 వాడుతున్నాం, ఎక్కువసేపు ఉంచితే కణం అంచులు బుడగలు కడతాయి. మామూలు ప్లాస్టిక్ డిష్ అసలు పనికిరాదు, దాని పాలీస్టైరీన్ పీక్ 1001 దగ్గర, సరిగ్గా ఫినైల్అలనీన్ పక్కనే కూర్చుంటుంది. క్వార్ట్జ్ అడుగున్న డిష్‌లు కొని కడుక్కుంటూ వాడుతున్నాం.

మాది కొవ్వు ప్రశ్న కాబట్టి, గది పూర్తిగా మా చేతిలో ఉంది కాబట్టి, మళ్లీ కొనమన్నా దీన్నే కొంటాను. మీరు వెతికేది ఒకే ఒక్క ప్రోటీను ఆచూకీ అయితే మెరిసే గుర్తు అంటించి చూసే ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు తొందరగా తేలుస్తుంది. గదిని నాలుగు విభాగాలు పంచుకుంటూ, ఎవరికి వారు ఏసీ రిమోటు నొక్కేచోటైతే నా మాట నమ్మి కొనకండి.