‘ముందు థియరీ, తర్వాతే గిటార్’ అనే కోర్సులకు డబ్బు కట్టే ముందు ఒక్క నిమిషం

కొత్తగా గిటార్ పట్టేవాళ్ల కోసమని చెప్పి అమ్మిన ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. పేరు అనవసరం, ఇదే పద్ధతిలో అమ్మేవి చాలా ఉన్నాయి. ‘థియరీ పునాది లేకపోతే జీవితాంతం బిగినర్‌గానే మిగిలిపోతారు’ అని భయపెట్టి కట్టించుకుంటారు. తీరా లోపలికెళితే మొదట స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి), తర్వాత సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్ (12 కీలకు, అంటే శ్రుతులకు, ఉన్న సంబంధం చూపే చక్రం), ఆపైన డోరియన్, ఫ్రిజియన్ అంటూ ఏడు మోడ్‌లు, అంటే స్వరాల వరుసలు. సగం కోర్సు అయిపోయినా ఒక్క కార్డ్ (chord, కలిపి మోగించే కొన్ని స్వరాలు) మార్పించలేదు. అదేమని అడిగితే వాయించడం వేరే ప్యాక్‌లో ఉందట, దానికి మళ్లీ కట్టాలట!

మోడ్‌లు పనికిరావని కాదు. సీ మేజర్‌లోనూ డీ డోరియన్‌లోనూ ఉండేవి అవే ఏడు స్వరాలు. పాట ఏ స్వరం దగ్గర కుదురుకుంటోందన్నదే తేడా. నాలుగు పాటలైనా వాయించని చెవికి ఆ తేడా ఎలా పట్టుబడుతుంది?

మొదట్లో కావలసిన థియరీ చాలా కొంచెం. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ (E, A, D, G, B, E) అని తీగల పేర్లు. ఒక్కో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ లోహపు పట్టీ) అర స్వరం, 12వ ఫ్రెట్‌లో మళ్లీ అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. కార్డ్ బొమ్మ, ట్యాబ్ (ఏ తీగను ఏ ఫ్రెట్‌లో నొక్కాలో అంకెల్లో చూపే రాత) చదవడం రావాలి. తాళం తప్పకుండా నాలుగు లెక్కపెట్టగలగాలి (ఈ చివరిది ఆ కోర్సులో మచ్చుకైనా లేదు).

కొన్ని పాటలు చేతికొచ్చాక మేజర్ స్కేల్. ఒకే తీగ మీద రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి ఫ్రెట్ల చొప్పున జరిగితే అదే స్కేల్. అందులో 1, 4, 5 స్థానాల కార్డ్‌లు తెలిస్తే, జీలో అయితే జీ, సీ, డీ, బోలెడు పాటలు నడుస్తాయి. రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపెట్టే క్లిప్) పెట్టి అవే షేపులు పట్టుకుంటే పాట ఏ (A) లోకి మారుతుంది. మేజర్, మైనర్ తేడాకు గంట వీడియో ఎందుకు? ఈ (E) మేజర్ కార్డ్ పట్టుకుని చూపుడువేలు ఎత్తేయండి, ఈ (E) మైనర్ అవుతుంది. స్కేల్‌లో మూడో స్వరం అర స్వరం కిందికి దిగింది, అంతే.

‘12 కీల కార్డ్ చార్ట్ ఉచితం’ అన్న బోనస్‌కు కూడా పడిపోకండి. పై సూత్రంతో అది మీరే రాసుకోవచ్చు.

కట్టేముందు సిలబస్ మొత్తం అడగండి. మొదటి కార్డ్ మార్పు ఎన్నో పాఠంలో ఉందో, పూర్తి పాట ఎప్పుడు వాయిస్తారో చూడండి. వాయించే పాఠాలు ఇదే ఫీజులో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. రీఫండ్ షరతులు మాత్రం చివరి అక్షరం దాకా చదవండి. నాకు ‘ఇన్ని వీడియోలు చూశాక వాపసు ఉండదు’ అన్నారు. ఆ షరతు కట్టే పేజీలో కాదు, కట్టాక వచ్చిన మెయిల్‌లో అడుగున ఉంది.