తొమ్మిదేళ్లుగా ఎన్‌వీడీఏ వాడుతున్న అనుభవం

చూపు లేని నేను కంప్యూటర్ మీద చేసే ప్రతి పనికీ తొమ్మిదేళ్లుగా ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ మీదే, అంటే తెర మీద ఉన్నదాన్ని గొంతుతో వినిపించే సాఫ్ట్‌వేర్ మీదే, ఆధారపడుతున్నాను. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. నేను దీన్ని వదలకపోవడానికి కారణం మాత్రం అది కాదు, పేజీలో నాకు కావలసిన చోటికి ఇది నేరుగా చేర్చగలగడం.

స్క్రీన్ రీడర్ అంటే పైనుంచి కిందిదాకా చదివి వినిపించేదని చాలామంది అనుకుంటారు, కానీ నేను ఏ పేజీనీ అలా వినను. పేజీ తెరుచుకోగానే హెచ్ కీ నొక్కుతూ ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు వెళతాను. కె నొక్కితే లింకులు, టి నొక్కితే పట్టికలు వస్తాయి, షిఫ్ట్ కలిపితే వెనక్కి వెళ్లవచ్చు. ఇన్సర్ట్‌తో ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులు, శీర్షికల జాబితా పుస్తకంలోని విషయసూచికలా తెరుచుకుంటుంది. పట్టికలో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని యారో కీలతో గడి నుంచి గడికి కదులుతుంటే, నిలువు వరుస మారినప్పుడల్లా దాని పేరు చెప్పి ఆ తరువాతే అంకె చదువుతుంది. తయారుచేసినవారు ఆ పేరును శీర్షికగా గుర్తించకపోతే మాత్రం 47 అని వినిపిస్తుందే తప్ప, అది దేని లెక్కో తెలియదు.

ఇబ్బంది అంతా అక్కడే ఉంది. ఒకసారి గడువు ముగిసే రోజున ఒక దరఖాస్తు నింపబోతే, ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ "ఎడిట్, ఖాళీ" అన్న మాటే వినిపించింది. పెట్టెల పక్కన పేర్లు తెర మీద కనిపిస్తూనే ఉన్నాయట, కోడ్‌లో మాత్రం వాటిని పెట్టెలకు లేబుళ్లుగా జతచేయలేదు. నా ఆరోగ్య వివరాలు కూడా అందులో ఉన్నందువల్ల, వాటిని మరొకరికి చెప్పి నింపించుకోవడం నన్ను చాలా బాధించింది. లేబుళ్లు ఉండాలని, వెబ్ పేజీలను వికలాంగులూ వాడగలిగేలా రూపొందించడానికి ఉద్దేశించిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాలు 2008లోనే చెప్పాయి.

ఎన్‌వీడీఏలోనూ లోపాలున్నాయి. దానితోపాటు వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు యంత్రంలా ఉంటుంది, అలవాటు పడటానికి నాకు నెలలు పట్టింది. పేజీలో చదివే పద్ధతి, పెట్టెలో టైపు చేసే పద్ధతి వేరువేరు కావడంతో కొత్తవారు తికమకపడతారు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉండేది పేజీ బొమ్మ మాత్రమే, దాని మీద ఇన్సర్ట్, ఆర్ నొక్కి అక్షరాలను గుర్తింపజేసినా, వాటితో శీర్షికలు రావు.

పత్రాలు తయారుచేసేవారిని నేను కోరేది కొంచెమే. వర్డ్‌లో శీర్షికను బోల్డ్ చేసి అక్షరాల సైజు పెంచే బదులు కంట్రోల్, ఆల్ట్, 1 నొక్కి దాన్ని శీర్షికగా గుర్తించండి, ప్రింట్ తీసి స్కాన్ చేయకుండా ఫైలునే పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. నాతో పనిచేసే ఒకావిడ ఇప్పుడు అలాగే చేస్తున్నారు. నిన్న ఆమె పంపిన నివేదికలో మూడుసార్లు హెచ్, ఒకసారి టి నొక్కి, నాకు కావలసిన పట్టికను ఎవరి సాయమూ లేకుండా చేరుకున్నాను.