జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు ఏది మేలు: దేశవాళీ లీగ్ ఆటగాళ్లా, విదేశాల్లో ఆడేవారా?

2025 నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో భారత ఫుట్‌బాల్ జట్టు 0-1 తేడాతో ఓడిపోయింది. ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగి అక్కడి ప్రీమియర్ లీగ్‌లో కూడా ఆడిన హంజా చౌదరి ఆ రోజు ప్రత్యర్థి జట్టులో ఉండడంతో, విదేశాల్లో ఆడే భారత సంతతి వారిని మనమూ తెచ్చుకోవాలన్న పాత వాదనకు కొత్త బలం వచ్చింది. అయితే ఆ మ్యాచ్‌లో నమోదైన ఒకే ఒక్క గోల్‌ను కొట్టిన షేక్ మొర్సాలిన్ బంగ్లాదేశ్ దేశవాళీ లీగ్‌లోనే ఎదిగిన ఆటగాడన్న సంగతిని ఆ వాదన చేసేవారు పెద్దగా ప్రస్తావించరు.

దేశవాళీ లీగ్ నుంచే జట్టును ఎంపిక చేయాలనేవారికి బలమైన ఉదాహరణ 2022 ప్రపంచ కప్‌లోని సౌదీ అరేబియా. ఆ జట్టులోని 26 మందీ సౌదీ క్లబ్బులకే ఆడేవారు, పైగా వారిలో దాదాపు సగం మంది అల్ హిలాల్ అనే ఒక్క క్లబ్బు వారు. అర్జెంటీనాపై సౌదీ 2-1 తేడాతో గెలిచిన మ్యాచ్‌లో రక్షణ వరుస మైదానం మధ్య దాకా ముందుకు జరిగి నిలబడడంతో, మొదటి అర్ధభాగంలోనే అర్జెంటీనా కొట్టిన మూడు గోల్స్ ఆఫ్‌సైడ్‌గా (బంతి పంపే క్షణానికే ప్రత్యర్థి రక్షణ వరుసను దాటి నిలబడడం) రద్దయ్యాయి. నలుగురు డిఫెండర్లు ఒకే క్షణంలో ఒకే గీత మీద కదలవలసిన ఆట అది. వారం వారం కలిసి ఆడినవారికి, టోర్నీకి ముందు లీగ్‌నే ఆపి వారాల తరబడి శిబిరం నడుపుకున్నవారికి తప్ప అది సాధ్యం కాదు. విదేశీ క్లబ్బుల్లో ఉన్నవారిని జాతీయ జట్టుకు పంపే బాధ్యత ఆ క్లబ్బులకు ఫిఫా విండోలోనే, అంటే అంతర్జాతీయ మ్యాచ్‌ల కోసం ఫిఫా కేటాయించే రోజుల్లోనే ఉంటుంది. ఆ పది రోజుల్లో ప్రయాణ బడలికకు, రెండు మ్యాచ్‌లకు పోగా సాధనకు మిగిలే పూటలు చాలా తక్కువ.

ఈ అనుకూలత దేశవాళీ లీగ్ ఉన్నంత మాత్రాన దానంతటదే రాదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు ఫిఫా విండోలో లేవని మన దేశవాళీ లీగ్ అయిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బులు తమ ఆటగాళ్లను విడుదల చేయడానికి వెనకాడాయి. చివరి నిమిషంలో కూర్చిన జట్టు అక్కడికి చేరిన మరునాడే చైనాతో ఆడి 1-5తో ఓడింది. ఆటగాళ్లు స్వదేశంలోనే ఉండీ శిబిరానికి అందుబాటులో లేకపోతే సౌదీ నమూనా గురించి మాట్లాడడంలో అర్థం లేదు. 2022 ప్రపంచ కప్‌లో ఖతార్ కూడా తమ లీగ్‌లోని 26 మందితోనే దిగి, సుదీర్ఘంగా కలిసి సాధన చేసి, ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం నాయకత్వంలో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచిందని కొందరు గుర్తు చేస్తుంటారు. అది గర్వించదగిన చరిత్రే గాని, ఆసియా ఆటగాళ్లు యూరప్ క్లబ్బుల్లో దాదాపు లేని కాలపు ఫలితాన్ని నేటి ఎంపికకు కొలబద్దగా పెట్టుకోలేము.

రెండో పక్షానికి మొరాకో ఆదర్శం. 2022లో సెమీఫైనల్ చేరిన ఆ జట్టులోని 26 మందిలో 14 మంది దేశం బయట పుట్టినవారు: హకీమి స్పెయిన్‌లో, జియెష్, అమ్రాబత్ నెదర్లాండ్స్‌లో, గోల్‌కీపర్ బోనో కెనడాలో. కోచ్ వాలిద్ రెగ్రాగీ కూడా ఫ్రాన్స్‌లో పుట్టినవాడే. ఇంతవరకే చెప్పి ఆపితే మొరాకో కథలో సగమే చెప్పినట్టు. పోర్చుగల్‌ను ఓడించిన గోల్‌లో తలతో బంతిని నెట్‌లోకి పంపిన ఎన్-నెసిరి, 2009లో సలే నగరం దగ్గర ప్రారంభమైన మొహమ్మద్ ఆరవ అకాడమీలో తయారైనవాడు. ఆ గోల్‌కు పక్క నుంచి బంతిని అందించిన అతియత్-అల్లా కాసాబ్లాంకాలోని వైదాద్ క్లబ్బుకు ఆడే దేశవాళీ ఆటగాడు. రెగ్రాగీ స్వయంగా ఆ సంవత్సరమే వైదాద్‌ను ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ విజేతగా నిలిపి వచ్చాడు కనుక, ఎవరు ఏ స్థానంలో పనికొస్తారో ఆయనకు తెలుసు. దేశవాళీ లీగుల్లో ఆడేవారికి మాత్రమే ప్రవేశమున్న ఆఫ్రికా దేశాల చాంపియన్‌షిప్‌ను మొరాకో 2018, 2020 టోర్నీల్లో వరుసగా గెలిచిందన్నది కూడా ఇక్కడ గమనించాలి. బయటి నుంచి వచ్చినవారు గట్టి పునాది మీద నిలబడ్డారు.

పునాది లేకుండా బయటివారిని పోగుచేస్తే ఏమవుతుందో ఆగ్నేయాసియా చూపింది. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఆటగాళ్లతో నిండిన ఇండోనేషియా బాగా మెరుగుపడి 2026 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో నాలుగో దశ దాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. మలేషియా తరఫున ఆడిన విదేశీ జన్ములు ఏడుగురి పత్రాలు నకిలీవని తేల్చి ఫిఫా 2025లో వారిపై నిషేధం విధించింది.

భారత్ విషయంలో చర్చ చట్టం దగ్గర మొదలు కావాలి. 2008 నుంచి అమలులో ఉన్న కేంద్ర ప్రభుత్వ విధానం ప్రకారం భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశం తరఫున ఆడాలి. విదేశీ పౌరులైన భారత సంతతి వారికి ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. ద్వంద్వ పౌరసత్వానికి మన రాజ్యాంగంలో చోటు లేదు. పైగా సంతతి ఆధారంగా పౌరసత్వం కోరే వ్యక్తి సాధారణంగా దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడ నివసించి ఉండాలి. యూరప్‌లో నిలదొక్కుకున్న ఇరవై నాలుగేళ్ల ఆటగాడు ఏడాది పాటు ఇక్కడికి వచ్చి, ఆ పైన బ్రిటిష్ పాస్‌పోర్టును వదులుకుంటాడా? వదులుకుంటే అక్కడి క్లబ్బుకు తిరిగి వెళ్లడానికి పని అనుమతి చిక్కులు ఎదురవుతాయి. అందువల్లనే ఈ దారిలో వచ్చిన, జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమీ గాని, ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని 2025లో భారత పాస్‌పోర్టు పొందిన రయాన్ విలియమ్స్ గాని, ముందుగా మన క్లబ్బులకు ఆడినవారే. అంటే మన చట్టం కింద విదేశీ ఆటగాడు జాతీయ జట్టులోకి వచ్చేసరికే దేశవాళీ లీగ్ ఆటగాడై ఉంటాడు. ఆయన వెంట యూరప్‌లో నేర్చిన శిక్షణ వస్తుంది గాని, ప్రతి వారం యూరప్ స్థాయి మ్యాచ్ ఆడే అలవాటు రాదు.

అలాంటప్పుడు వారిని ఏ స్థానాలకు తీసుకోవాలన్నది అసలు ప్రశ్న. ఐఎస్ఎల్‌లో ఒక జట్టు మైదానంలో నలుగురు విదేశీయులను దింపవచ్చు కనుక, క్లబ్బులు ఆ చోట్లను ఎక్కువగా స్ట్రైకర్‌కు (గోల్స్ కొట్టే ముందు వరుస ఆటగాడు), నడిమి మిడ్‌ఫీల్డర్‌కు, ఒక సెంటర్ బ్యాక్‌కు (నడిమి డిఫెండర్) కేటాయించాయి. 2021-22లో ఐఎస్ఎల్ ఫైనల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి: 18 గోల్స్ కొట్టింది నైజీరియాకు చెందిన ఒగ్బెచే, ఫైనల్ పెనాల్టీల్లో గెలిపించింది మన గోల్‌కీపర్ కట్టిమణి, జాతీయ జట్టుకు ఎదిగి వెళ్లింది లెఫ్ట్ బ్యాక్ ఆకాశ్ మిశ్రా. (ఆ క్లబ్బు ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు, ఢిల్లీకి తరలిపోయింది, అది వేరే బాధ.) ఈ ఏర్పాటు ఫలితం జాతీయ జట్టులో అచ్చంగా కనిపిస్తుంది. 2024 జనవరిలో జరిగిన ఆసియా కప్‌లో మన జట్టు మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా చేయలేదు. ఆ ఏడాది జూన్‌లో రిటైరైన సునీల్ ఛెత్రీని 2025 మార్చిలో నలభై ఏళ్ల వయసులో తిరిగి పిలవవలసి వచ్చింది, ఎందుకంటే ఆ సీజన్ ఐఎస్ఎల్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన భారతీయుడు ఆయనే.

కాబట్టి నా ఎంపిక ఇలా ఉంటుంది. గోల్‌కీపర్, డిఫెండర్లు, వింగర్ల విషయంలో దేశవాళీ ఆటగాళ్లకే ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ స్థానాల్లో వారికి లీగ్‌లో నిండుగా మ్యాచ్‌లు దొరుకుతున్నాయి, రక్షణ వరుసకు కావలసిన సమన్వయమూ వారికే సులువుగా అబ్బుతుంది. స్ట్రైకర్, నడిమి మిడ్‌ఫీల్డర్ స్థానాలకు మాత్రం బయట శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురిని వెతికి తేవడమే మేలు, ఎందుకంటే ఆ పని మన లీగ్ మనవారికి నేర్పడం లేదు. వెతికేది కూడా కెరీర్ చివరి మెట్టు మీదున్నవారిని కాదు. ముప్పై దాటాక వచ్చే ఆటగాడు ఒక అర్హత పోటీకి మించి ఉపయోగపడడం కష్టం. పౌరసత్వానికి పట్టే ఏడాదిని కూడా లెక్కలో వేసుకుంటే, ఇంగ్లండ్ దిగువ డివిజన్లలో బెంచి మీద కూర్చుంటున్న ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఐఎస్ఎల్ క్లబ్బులో స్ట్రైకర్‌గా ఖాయమైన చోటు చూపించి పిలవడం అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు ఇంకా లాభసాటి బేరం.